తొమ్మిది జతల మెత్తటి కాళ్లు

తప్పు నాదే. ముందే చెప్పేస్తున్నాను, తరవాత నన్ను వెనకేసుకు రావడానికి ఎవరూ బయల్దేరక్కర్లేదు.

నా పేరు సాయిదుర్గాప్రసాద్. కొబ్బరికాయలు కొని లారీలకెత్తించే వ్యాపారం. దానం అనేవాడు పన్నెండేళ్లుగా నాకు చెట్లెక్కి కాయలు దింపుతున్నాడు. పోయిన నెల అప్పాయమ్మ గారనే పెద్దావిడ మా ఊరి తోట గట్టున వెళ్తుంటే ఎవడో వెనకనుంచి తోసి, మెళ్లో గొలుసు తెంపుకుపోయాడు. ఆవిడ బోర్లా పడింది. మొహం చూడలేదు, పారిపోయే కాళ్లు మాత్రం చూసింది. అవి చెట్లెక్కేవాడి కాళ్లేనని ఊరంతా చెప్పింది. తాడు బిగించుకుని ఎక్కీ ఎక్కీ వాళ్ల పాదాల అంచులు కాయలు కాసిపోతాయి, బొటనవేళ్లు ఎడంగా తిరిగిపోతాయి. ఆ సాయంత్రం ఆ గట్టున కనబడ్డాడని పోలీసులు దానాన్ని పట్టుకుపోయారు.

వాడు తీశాడో లేదో నాకు తెలీదు. అది తేల్చడానికే సబ్‌జైల్లో గుర్తింపు పరేడ్ పెట్టారు. దానంతోపాటు ఇంకో తొమ్మిదిమందిని నిలబెడితే, మేజిస్ట్రేటు గారి ఎదుట ఆవిడ పోల్చుకోవాలి. కోర్టు గుమస్తా సత్యం గారు నాకు ఫోన్ చేసి, ఆ తొమ్మిదిమందినీ నన్నే తెమ్మనీ, దానం వయసువాళ్లు కావాలనీ, అందరూ చెట్లెక్కేవాళ్లే అయి ఉండాలనీ, లేకపోతే వాడికి అన్యాయమైపోతుందనీ రెండుసార్లు చెప్పారు. ఆయ్ అన్నాను.

సరిగ్గా పరేడ్ రోజే లారీ వచ్చి కూర్చుంది. దింపు ఆగితే లారీ పంపిన షావుకారు మళ్లీ నా గుమ్మం తొక్కడు. నా మొహం మండ, ఎక్కేవాళ్లందర్నీ తోటకి పంపేసి, రాజోలు ఆటోస్టాండులో ఎనిమిదిమందిని బతిమాలి పోగేశాను. తొమ్మిదోవాణ్ణి నేనే. జన్మలో చెట్టెక్కి ఎరగను. గేటు దగ్గర సత్యం గారు అంతా ఎక్కేవాళ్లేనా అని అడిగితే మళ్లీ ఆయ్ అన్నాను.

మేజిస్ట్రేటు గారు పద్ధతిగల మనిషే. మా ఒడ్డూ పొడుగూ చూసుకున్నారు. అందరిచేతా ఒకే రకం లుంగీలు కట్టించి, చెప్పులు విప్పించారు. దానాన్ని ఇష్టమైన చోట నించోమన్నారు. వాడు సరాసరి వచ్చి నా పక్కన నించున్నాడు. నా పక్కనైతే ధైర్యమనుకున్నాడు, పిచ్చివాడు.

అప్పాయమ్మ గారు ఒక్క మొహమైనా చూడలేదు. తల వంచుకుని కాళ్లు చూసుకుంటూ నడిచింది. ఆటోవాళ్ల కాళ్లు దాటింది, నా కాళ్లు దాటింది, దానం దగ్గర ఆగిపోయింది. తలెత్తకుండానే వాడి మీద చెయ్యి వేసింది. ఎక్కేవాడు అక్కడ ఒక్కడే ఉంటే ఆవిడ మాత్రం ఇంకెవణ్ణి పట్టుకుంటుంది?

"పరేడ్ జరిగిన తీరు మీద నీకేమైనా అభ్యంతరం ఉందా?" అని మేజిస్ట్రేటు గారు దానాన్ని అడిగారు.

చెప్పరా, చెప్పు, అని లోపల మొత్తుకున్నాను. వాడు చెప్పేస్తే నేను చెప్పే బాధ తప్పుతుంది కదా. అంత పిరికివెధవని.

దానం నావైపు చూశాడు.

"లేదండీ. మనుషుల్ని ప్రసాద్ గారే తెచ్చేరండీ. నాకోసం పని మానుకుని ఆయన కూడా నించున్నారండీ. ఇంక అభ్యంతరం ఏముంటదండీ."

అభ్యంతరం లేదని మేజిస్ట్రేటు గారు రాసుకున్నారు. దానం కింద వేలిముద్ర వేశాడు. నేను లుంగీ తిరిగిచ్చేసి, లారీ ఎంతవరకు నిండిందో చూసుకోడానికి తోటకి వెళ్లిపోయాను.