వెర్లిన్ బిగించిన బ్రేకు

ఏమోయ్ తెల్లచొక్కా దొరా, అలా ముక్కు చిట్లించకు. నీ బండి ఆగకపోతే బ్రేకు ఇంకాస్త గట్టిగా తొక్కడం తప్ప నీకేమీ తెలియదు కదా, ఆ బ్రేకు కింద దూరి బతికినవాడి కథకి ఇన్ని వగలెందుకు? ఇప్పుడే అన్నం తిని ఉంటే మాత్రం కాసేపాగి విను. తరవాత నన్ను అనకు.

వెర్లిన్ అప్పటికే ట్రక్కు కింద ఉన్నాడు. చక్రాల పలక మీద వెల్లకిలా పడుకున్నాడు. అమెరికాలో ఒజార్క్ కొండల్లో నవంబరు పొద్దు అది. సిమెంటు నేల చలి పలకలోంచి వీపులోకి ఎక్కుతోంది. పెదవి పక్కన ఏదో చుక్క పడింది. నూనె కాదు, చట్రానికి అంటిన పేడ కరిగి కారుతోంది. గుడ్డతో తుడుచుకున్నాడు. పేడకన్నా గుడ్డే ఎక్కువ కంపు కొట్టింది.

మీసం మొలవకముందు నుంచీ ఇదే పని. తలగడకి కూడా బ్రేకు నూనె వాసనే అని పెళ్ళాం చెల్లెలి ఊరికి వెళ్ళిపోయింది, మళ్ళీ రాలేదు. అతని గోళ్ళ చుట్టూ నలుపు ఏ సబ్బుకీ వదలదు. మధ్యాహ్నం తినే బ్రెడ్డు మీద రోజూ అతని వేలిముద్రలు పడతాయి. ఆ ముద్రల్ని చూస్తూనే తింటాడు. బ్రేకు పట్టినప్పుడు మెకానిక్కుని ఎవడూ తలుచుకోడు, పట్టనప్పుడే వాడి పేరు ఊరంతా తిరుగుతుంది.

ఇప్పుడు అలాగే తిరుగుతోంది. ఆ ఊరి రైతు డ్యూయీది, అతని తండ్రి కాలం నాటి ట్రక్కు ఇది. దీనికి పెడలు క్యాబిన్ నేలలోంచి పైకి లేచి ఉంటుంది. వేసవిలో వెర్లిన్ పాత డ్రమ్ములు ఊడదీసి డిస్కు బ్రేకులు వేశాడు. పట్టీ తనే కోసి, ఆ నేల కింద బ్రేకుకి బలమిచ్చే బూస్టరు బిగించాడు. చలి మొదలయ్యాక పొద్దున్నే పెడలు తొక్కితే కిందికి పోయి అక్కడే ఉండిపోతోంది. చక్రాలు పట్టేసి పొగలొస్తాయి. డ్యూయీ బూటు కొన దూర్చి పెడలు పైకి లేపుకోవాలి. తీరా షెడ్డుకి వచ్చేసరికి ఇంజను వేడికి అదే పెడలు మేకపిల్లలా గెంతుతుంది. వెర్లిన్ పెడలుకీ బూస్టరుకీ మధ్య కడ్డీ పొట్టి చేశాడు, మాస్టరు సిలిండరు మార్చాడు, డ్రమ్ముల కాలం వాల్వు తీసేశాడు, గట్టి స్ప్రింగు తగిలించాడు. ఏదీ లాభం లేదు.

"వెర్లిన్ బ్రేకు వెర్లిన్ లాంటిదేరా, ఒకసారి పడుకుంటే లేవదు" అన్నాడు గ్రేడీ అనే ఊరివాడొకడు, టిఫిన్ హోటల్లో. అందరూ నవ్వారు. ఆ నవ్వు అక్కడితో ఆగలేదు. ఆదివారం పిల్లల్ని చర్చికి తెచ్చే బస్సు, ఎప్పుడూ వెర్లిన్ చేతిలోనే ఉండేది, పక్క ఊరి షెడ్డుకి పోయింది. ఈరోజు కూడా తప్పు దొరక్కపోతే ట్రక్కు కూడా పోతుంది. ఆ తరవాత అతని దగ్గరకి వచ్చేవాడుండడు.

అందుకే ఈసారి ట్రక్కుని రాత్రంతా మంచులో వదిలేయించి, ఇంజను వెయ్యకుండా తోయించి లోపల పెట్టించాడు. చేత్తో పెడలు నొక్కాడు. పోయింది, రాలేదు. కడ్డీ విప్పాడు. కడ్డీ చులాగ్గా వెనక్కి వచ్చింది. పెడలు అక్కడే ఉంది.

అంటే తప్పు తను బిగించిన దాంట్లో లేదు. ఫ్యాక్టరీ నుంచి వచ్చిన పెడలు ఇరుసులో ఉంది. ఇన్నాళ్ళూ తన పనినే అనుమానించుకున్నాడు గాని, దాని వైపు చూడనే లేదు.

దీపం అటు తిప్పాడు. ఇరుసు చుట్టూ గుప్పెడు నల్ల జిగురు, అందులో ఈగల రెక్కలు, ఎలుక వెంట్రుకలు, గులకరాళ్ళు. స్క్రూడ్రైవరుతో గీకితే తీగలా సాగింది. ఒక ముద్ద జారి మెడ మీద పడి కాలరులోకి దిగింది. వెర్లిన్ మూతి బిగించాడు. జిగురు చారలు ఎక్కడివా అని పైకి చూశాడు. పెడలు పక్క రబ్బరు తొడుగు చిరిగి, నేలలో కంత ఉంది.

"డ్యూయీ, ఇలా వంగు."

"ఏంట్రా అది, చచ్చిన ఎలుకా?"

"ఎలుకకి ఇంత కంపుండదు. నీ నోట్లోంచి వచ్చింది."

డ్యూయీ ముందు తలుపు వైపు చూశాడు. "మెల్లగారా. మా ఆవిడ ఒలేటా బయటే ఉంది."

"పొగాకు మానేశానని చర్చిలో అందరి ముందూ ప్రమాణం చేశావుగా. నీ కన్నీళ్ళు చూసి పాస్టరు కూడా ఏడ్చాడంట."

"కన్నీళ్ళు నిజమేరా. అప్పుడు కూడా దవడలో ఉంది. మింగాల్సొచ్చింది."

వెర్లిన్ కాలరు లోపల తుడుచుకున్నాడు.

"సీసాలో ఉమ్మితే దానికి దొరుకుద్ది. కిటికీలోంచి ఉమ్మితే తలుపు మీద చార పడుద్ది. ఈ కంత దేవుడిచ్చినట్టుంది" అన్నాడు డ్యూయీ.

"నీ కంత వల్ల ఊళ్ళో నా పేరు కంపు కొడుతోంది."

"చెప్పకురా, నీ కాళ్ళు పట్టుకుంటా. ఈ వయసులో కుక్కతో పాటు వరండాలో పడుకోలేను."

తలుపు తెరుచుకుంది. డ్యూయీ భార్య ఒలేటా చేతులు కట్టుకుని నిలబడింది. "దొరికిందా?"

ఒక్క మాటతో పేరూ బస్సూ తిరిగొస్తాయి. డ్యూయీ కళ్ళు తడిసిన కుక్క కళ్ళలా ఉన్నాయి. ఆ చూపు చూసినా వెర్లిన్‌కి రోతే పుట్టింది.

"నా కొలతే తప్పమ్మా. కడ్డీ పొడుగైంది" అన్నాడు.

"ఆ మాట ముందే ఒప్పుకుంటే పోయేదిగా" అంది ఒలేటా.

"పోన్లేవే, మనిషన్నాక పొరపాటు చేస్తాడు" అని డ్యూయీ వెర్లిన్ భుజం తట్టాడు.

వాళ్ళు వెళ్ళాక వెర్లిన్ చేతులు కిరసనాయిలుతో కడుక్కున్నాడు. ఇసుకతో తోముకున్నాడు. బ్రెడ్డు విప్పి వాసన చూసి బయట కుక్కకి విసిరాడు. కుక్క వాసన చూసి వెళ్ళిపోయింది.

క్రిస్మస్ వెళ్ళాక, పెద్ద మంచు పడిన వారంలో, డ్యూయీ నిద్రలోనే పోయాడు. గుండె అన్నారు. వెర్లిన్ చర్చిలో చివరి బల్ల మీద కూర్చున్నాడు. పక్కవాళ్ళు కాస్త జరిగారు, వాసనకి.

కొన్నాళ్ళకి ఒలేటా ట్రక్కు తనే నడుపుకుంటూ షెడ్డుకి వచ్చింది. ఒక గుండ్రటి రేకు డబ్బా బల్ల మీద పెట్టింది.

"నీ కొలత తప్పు కాదు వెర్లిన్. నువ్వు గీకిన ముద్దలు ఆరోజే నీ చెత్తడబ్బాలో చూశాను. అది నా పాకమే."

వెర్లిన్‌కి అర్థం కాలేదు.

"ఆయన మానలేదని నాకు ఎప్పుడో తెలుసు. సీటు స్ప్రింగుల్లో ఈ డబ్బా దొరికింది. పోట్లాడి ఏం లాభం? లోపలిది పారబోసి, ఎండు పుదీనాని తీపిజొన్న పాకంలో నానబెట్టి నింపాను. ఖాళీ అయినప్పుడల్లా ముక్కు మూసుకుని మళ్ళీ నింపాను. పొగాకనుకుని నమిలాడు పిచ్చి మారాజు. నోట్లోంచి కారి కారి నీ పెడలు పట్టేసింది." ఆమె నవ్వబోయి ముక్కు తుడుచుకుంది. "మొన్న ఆదివారం చర్చిలో నిలబడి చెప్పేశాను, తప్పు నాది, వెర్లిన్‌ది కాదని. బస్సు ఇక నీ దగ్గరికే వస్తుంది."

"అంత అవసరం లేదమ్మా."

"ఉంది. ఆయన మాత్రం నన్ను మోసం చేశాననే తృప్తితో పోయాడు. పోనీ. పోయే ముందు రోజే నింపాను ఇది. ఇంట్లో ఉంచుకోలేను."

ఆమె వెళ్తున్న ట్రక్కు మలుపు దగ్గర ఆగింది. వెనక ఎర్ర దీపాలు వెలిగి, ఆరిపోయాయి. పెడలు పైకి లేచింది.

వెర్లిన్ డబ్బా మూత తిప్పాడు. పుదీనా లేదు, పాకం లేదు. ముక్కు పగిలేలా ఘాటు కొట్టింది. ఆమె నింపినప్పుడల్లా ఆ పాకమంతా కంతలోంచి కిందికి పోసి, డ్యూయీ డబ్బా నిండా అసలు సరుకే కూరుకున్నాడన్నమాట.

పిలుద్దామని గుమ్మం దాకా వెళ్ళాడు. రోడ్డు ఖాళీగా ఉంది. తిరిగి వచ్చి చూస్తే, డబ్బాలో తడి పొగాకు మీద, ఒక్క చిటికెడు తీసుకున్న వేళ్ళ గుంట చెదరకుండా ఉంది.