పడవకి ఎదురు రావడం ఎలా

మా ఇంట్లో ఎవరు ముఖ్యమైన పని మీద గడప దాటినా నేను ఎదురు రావాల్సిందే. మా అమ్మాయి సంహిత డ్రైవింగ్ టెస్ట్‌కి వెళ్ళిన రోజున, మొదటి ఇంటర్వ్యూకి వెళ్ళిన రోజున, నేను వెనక తలుపులోంచి ముందే బయటపడి, షికాగో పక్కన మా నేపర్‌విల్ మంచులో మోకాళ్ళ దాకా దిగబడి, నీళ్ళ చెంబు పట్టుకుని దాని కారుకి ఎదురు నడిచాను. పక్కింటావిడ ఓసారి కిటికీలోంచి చూసి, మా పైపులు గడ్డకట్టాయేమోననుకుని, మా ఇంట్లో పట్టుకోండి అంది పాపం.

ముత్తైదువ నిండు చెంబుతో ఎదురొస్తే వెళ్ళినవాళ్ళు క్షేమంగా తిరిగొస్తారని మా అమ్మ చెప్పింది. ఇప్పటిదాకా అందరూ తిరిగొచ్చారు. అంచేత మానేసే ధైర్యం నాకు లేదు.

చిక్కంతా మా ఆయన శేషగిరి గారు పడవ కొన్నాక వచ్చింది.

రిటైరయ్యాక ఆయన రెండు చలికాలాలు మంచు ఎత్తిపోశారు. నడుం పట్టేసింది. మూడోసారి పార తీయనని ఒట్టేసుకున్నారు. సెయింట్ క్రాయ్ అని ఒక దీవి ఉందిట, అమెరికాదేనట, పాస్‌పోర్ట్ కూడా అక్కర్లేదట. డిసెంబర్‌లో వెళ్ళి మార్చి దాకా ఉండి రావడం, ఇది నాలుగో ఏడు.

మొదట్లో నాకు అన్నీ భయాలే. కొబ్బరికాయ నెత్తిన పడుతుందని భయం. మందార మొక్కలో ఉడుం లాంటి ఇగ్వానా. ఇక్కడ ఇళ్ళ కింద వాన నీళ్ళ తొట్లుంటాయి. ఇల్లు కుంగి అందులో పడతామేమోనని మా మంచం గోడ వారకి జరిపించాను. కానీ నిజం చెప్పాలి, చింతచెట్లున్నాయి, మునగచెట్లున్నాయి, కార్లు మన వైపులాగే రోడ్డుకి ఎడమ పక్కన నడుస్తాయి. అన్నిటికంటే సుఖం, నా ఇంగ్లీషు ఇక్కడ సరిపోతుంది. ఏ కొట్టుకెళ్ళినా ముందు గుడ్ మార్నింగ్ అనాలి. అనకుండా ధర అడిగితే మొహం తిప్పేసుకుంటారు. నేను పదో క్లాసు తప్పినదాన్నే గానీ గుడ్ మార్నింగ్‌లో ఎవరికీ తీసిపోను. ఈయన ఎకాఎకి "టొమాటో ఎంత" అంటారు. ఎవరూ పలకరు. వెనక నుంచి నేను గుడ్ మార్నింగ్ అందిస్తాను.

ఆయనది బందరు. నాది కదిరి, మాకు నీళ్ళంటే బిందెలో ఉండేవే. షికాగో లేక్‌లో ఆయన తెరచాప పడవ నడపడం నేర్చుకుని, ఇక్కడ పాతదొకటి కొన్నారు. రోజూ పొద్దున్నే వెళ్తారు. నేను ఫోన్‌లో మ్యాప్ మీద ఆయన చుక్క కదులుతుంటే చూస్తూ కూర్చుంటాను. ఓసారి అరగంట చుక్క కదల్లేదు. రెస్క్యూ వాళ్ళకి ఫోన్ చేశాను. గుడ్ మార్నింగ్ అన్నాక ఏం చెప్పాలో తెలీక ఏడ్చేశాను. తీరా చూస్తే ఆయన లంగరేసుకుని పులిహోర తింటున్నారు.

ఆ సాయంత్రం ఇంటికొచ్చి అన్నారు: "ఒక్కసారి ఎక్కి చూడవే. నీ భయం పోతుంది."

"చచ్చినా ఎక్కను."

"నేను నీళ్ళలో సుఖపడుతుంటే నువ్వు ఒడ్డున చావడమేంటి? ఈ ఏటితో సరి. అమ్మేస్తాను."

కోపంగా అనలేదు. అదే వచ్చిన చిక్కు. కొనేవాడు కూడా కుదిరాడు, సోమవారం వస్తానన్నాడు. నేను కొబ్బరికాయ కొట్టుకోవాలి కదా? ఆయన మాత్రం రోజూ పడవని పసిపిల్లాణ్ణి తుడిచినట్టు తుడుస్తున్నారు. భోజనం దగ్గర పప్పులో ఉప్పు తక్కువైందని వంక పెట్టడం కూడా మానేశారు. పెళ్ళయిన దగ్గర్నుంచీ మానని మనిషి.

శుక్రవారం, ఉద్యోగం చేస్తున్న సన్నీవేల్ నుంచి సంహిత వచ్చింది.

"అమ్మా, వాట్ హాపెన్డ్ టు నాన్న? ఒక్క బ్యాడ్ జోక్ కూడా వేయలేదు."

"పడవ అమ్మేస్తున్నారుగా."

"నువ్వే కదా అమ్మిస్తున్నావు?"

"నేనెప్పుడన్నాను? బెంగ పడ్డానంతే."

"అమ్మా, ఈ ఇంట్లో నీ బెంగ అంటే ఆర్డర్."



మర్నాడు తండ్రీకూతుళ్ళిద్దరూ దగ్గర్లో ఉన్న బక్ ఐలాండ్‌కి బయల్దేరారు. ఆఖరి ప్రయాణం అన్నారాయన. ఆ మాట అనొద్దండీ అని మొత్తుకున్నాను. నాకున్నవాళ్ళిద్దరూ ఒకే పడవలో. పెరుగన్నం, ఆవకాయ, ఈల, పట్టపగలైనా టార్చి సర్దిచ్చాను. తాడు విప్పుతుండగా సంహిత తుమ్మింది. ఒక్కటే తుమ్ము.

"ఆగండి! కూర్చోండి, మంచినీళ్ళు తాగండి."

"అలర్జీ అమ్మా!"

"ఇంకోటి తుమ్మవే పోనీ."

రాదట. ఇద్దర్నీ కూర్చోబెట్టి నీళ్ళు తాగించి, కాసేపాగి బయల్దేరమన్నాను. అయినా మనసొప్పలేదు. ఎదురు రావాలి. పడవ ముక్కేమో సముద్రం వైపు. ఎదురు రావాలంటే సముద్రంలోంచి రావాలి. నాలుగేళ్ళుగా అందుకే ఊరుకున్నాను.

అటుపక్క మా ఇంటి ఓనరు మిస్ ఆల్మా తన చిన్న తెడ్ల పడవలోంచి డబ్బాతో నీళ్ళు తోడి పోస్తోంది. ఆవిడకి డెబ్భై దాటాయి, చేతులు రోకళ్ళలా ఉంటాయి.

"గుడ్ మార్నింగ్, మిస్ ఆల్మా. ప్లీజ్. గో దేర్," సముద్రం చూపించాను. "దెన్, కమ్ హియర్."

"గుడ్ మార్నింగ్, మిస్ సుమతీ. నువ్వా? నీళ్ళలోకా?" అంది ఆవిడ తన ఇంగ్లీషులో. నా చేతిలో నిండు చెంబు చూసింది, నా మొహం చూసింది, ఇంకేం అడక్కుండా తెడ్లు అందుకుంది. మొక్కు మొహం ఏ దేశంలో ఆడవాళ్ళకైనా తెలుస్తుంది కాబోలు.

లైఫ్ జాకెట్ మీద ఇంకో లైఫ్ జాకెట్ వేసుకుని ఎక్కాను. కళ్ళు గట్టిగా మూసుకున్నాను. చాలాసేపు తెడ్ల చప్పుడు. ఆవిడ "నౌ" అంది. కళ్ళు తెరిస్తే మా ఆయన పడవ తెరచాప పైకెత్తి, ఒక పక్కకి ఒరిగి, నేరుగా నా మీదికే వస్తోంది.

"ఏమే! తప్పుకో! దీనికి బ్రేకులుండవే!"

"ఎదురొస్తున్నానండీ! మీరు రండి!"

"అమ్మా! గుద్దేస్తాం!"

చెంబు పైకెత్తి పట్టుకుని ఉన్న దేవుళ్ళందర్నీ పిలిచాను. ఆయన ఏం తిప్పారో, పడవ గిర్రున గాలికి అడ్డం తిరిగింది. చాప దండెం మీద చీరలా టపటపా కొట్టుకుంది. పడవ నెమ్మదించి మా పక్కకొచ్చి ఆగింది.

"తృప్తిగా ఉందా? ఇంక ఇంటికెళ్ళు," అన్నారాయన.

ఒడ్డు వైపు చూశాను. అగ్గిపెట్టెంత ఉంది. కింద చూశాను. ఒక చెక్క, ఆ చెక్క మీద మళ్ళీ చేరుతున్న నీళ్ళు, మిస్ ఆల్మా చేతిలో డబ్బా. పక్కన చూశాను. కూర్చోడానికి బల్లలు, చుట్టూ పట్టుకోడానికి కమ్మీలు, లోపల తలుపున్న గది, అంతా పొడిగా. ఒడ్డు మీంచి చూసినన్నాళ్ళూ ఆ పడవ దొప్పలా కనిపించేది. ఇక్కణ్ణించి చూస్తే ఇల్లులా ఉంది.

నాకు ధైర్యం వచ్చేసిందనుకోకండి. రెండు భయాల్లో చిన్నదాన్ని ఎంచుకున్నాను.

"చెయ్యివ్వండి," అన్నాను.

ఆయన ముందు చెంబు అందుకున్నారు, తర్వాత నన్ను. సంహిత గెంతబోయింది. పడవ ఊగుతుంది, కదలకుండా కూర్చోమని కసిరాను.

దారంతా ఆయన చొక్కా వదల్లేదు. ఒరుగుతోందండీ అంటే, ఒరగడమే దాని నడక అన్నారు. బక్ ఐలాండ్ దగ్గర లంగరేస్తే నీళ్ళు అద్దంలా ఉన్నాయి, అడుగున తాబేలు తీరిగ్గా వెళ్తోంది. అలవాటు కొద్దీ ఫోన్ తీశాను. ఆయన చుక్క, సంహిత చుక్క, నా చుక్క ఒకదాని మీద ఒకటి ఉన్నాయి. హాయిగా అనిపించింది. విడివిడిగా ఎవరికోసం భయపడక్కర్లేదు. ఏదైనా అయితే అందరికీ కలిపే.

"పెరుగన్నంలో ఉప్పు తక్కువైంది," అన్నారాయన.

"చుట్టూ అంత ఉందిగా, ముంచుకోండి!"

సంహిత నవ్వి నవ్వి పొలమారింది. వెన్ను తట్టాను.

సోమవారం కొనేవాడు వచ్చాడు. వస్తూనే, పడవేదీ అన్నాడు. ఈయన నా వైపు చూశారు. నేను ముందు గుడ్ మార్నింగ్ అన్నాను. అతను తడబడి గుడ్ మార్నింగ్ అన్నాడు. అప్పుడు చెప్పాను, "బోట్ స్టే" అని. నా మొహం చూసి బేరమాడలేదు.

ఇప్పుడు కొత్త బెంగ పట్టుకుంది. నేనూ పడవలో ఉంటే మాకు ఎదురెవరు వస్తారు? మిస్ ఆల్మాని అడిగాను. పేరుకి మిస్ అయినా వాళ్ళాయన నిక్షేపంలా ఉన్నాడు, శకునానికి లోటు లేదు. నా చెంబు ఆవిడకే ఇచ్చేశాను. నీళ్ళు తోడి పోయడానికి ఆ డబ్బా కంటే ఇదే బాగుందిట.

కాకపోతే నిండు చెంబుతోనే ఎదురు రావాలని రోజూ గుర్తుచేయాల్సి వస్తోంది.