పొగమంచు మీద నీడ

సైటులో ఆయన్ని అందరూ డేగ అనేవారు. జుట్టు నెరిసేదాకా టవర్ క్రేన్ల మీదే బతికాడు. చీకటితోనే లేచి వెళ్లి, ఇనుప నిచ్చెన ఎక్కి, బీరువా అంత ఉండే అద్దాల కేబిన్‌లో కూర్చుంటే మళ్లీ సాయంత్రమే దిగడం. ఇంటికొచ్చాక ఎవరైనా పని సంగతి అడిగితే, "ఏముంది, ఎత్తడం, దించడం" అనేసి ఊరుకునేవాడు.

ఆయన భార్యకు కావలసిందీ అదే. ఆవిడకి స్టూలెక్కి బల్బు మార్చాలన్నా కళ్లు తిరుగుతాయి. సైటు పక్క రోడ్డులో వెళ్లాల్సి వస్తే తల వంచుకుని గబగబా నడిచేసేది. మొగుడు కూర్చునే చోటును ఆవిడ ఒక్కసారి కూడా తలెత్తి చూసి ఎరగదు.

ఆయన పని మానేసిన కొన్నాళ్లకి, అద్దాలు మార్పించుకోవడానికి కూతురు పనిచేసే కళ్లజోళ్ల షాపుకి వచ్చాడు. కూతురు ఆయన కళ్లజోడు పెట్టె తెరిచి, తుడుచుకునే గుడ్డ పైకి తీసింది. కింద గోరంత మెమరీ కార్డు ఉంది.

"ఇదేంటి నాన్నా?"

"ఓ, అదా. మీ జెండా బాబాయి ఒక చిన్న కెమెరా ఇచ్చాడు చూడు, దాన్లోది. ఆఖర్లో కేబిన్ అద్దానికి తగిలించి తీశాను."

"ఏం తీశావు?"

"ఏముంది, ఆకాశమే." అన్నాడు. తర్వాత గొంతు తగ్గించి, "ఒక పొద్దున ఒకటి కనపడిందమ్మా. కెమెరాలో పడిందో లేదో తెలీదు. చూసుకోడానికి ధైర్యం చాల్లేదు" అన్నాడు.

"ధైర్యం ఎందుకు?"

"పడకపోతే నాకు మతి తప్పిందనుకోవాలిగా!"

కూతురికి అక్కడికక్కడే షాపు కంప్యూటర్‌లో పెట్టి చూడాలనిపించింది. ఆయన చెయ్యి అడ్డం పెట్టాడు. "చూస్తే ఇంట్లోనే, పెద్ద తెర మీద, అందరం కలిసి చూద్దాం. నువ్వు కూడా ముందే చూడకు."

ఇంట్లో టీవీ పాతది. కార్డు పెట్టే చోటే లేదు దానికి. దాని కింద ఒక బ్లూ-రే ప్లేయర్ మాత్రం ఉంది, నిక్షేపంలా పనిచేస్తుంది. డిస్క్‌లోకి ఎక్కిస్తే సరిపోతుందనుకుంది కూతురు. షాపు పక్కనే పెళ్లి వీడియోలు తీసే అతని దగ్గర డిస్కులూ, వాటి మీద రాసే మిషనూ అరువు తెచ్చుకుని, కార్డులో ఉన్నవి ఉన్నట్టు ఎక్కించేసింది. ప్లేయర్ కాసేపు గుర్రుమని, ఈ డిస్క్ చదవడం తన వల్ల కాదని తెర మీద చూపించింది.

పెళ్లి వీడియోలతను విని నవ్వాడు. "మూట తెచ్చి గుమ్మంలో పడేస్తే ఎట్లా అక్కా? ఆ ప్లేయర్ పాతకాలపు పెద్దమనిషి. మర్యాద తప్పితే పలకదు. ముందు బ్లూ-రే వీడియోగా మార్చాలి. ఏ ఫైలు ఎక్కడ ఉండాలో ఆ వరసలో సాఫ్ట్‌వేరే సర్దిపెడుతుంది. రాసేటప్పుడు మాత్రం తొందరపడకు, తక్కువ స్పీడు పెట్టు."

మార్చడానికే సెలవు రోజు పొద్దంతా పట్టింది. బొమ్మలు కంటపడకుండా కూతురు తెరకి అడ్డంగా తువ్వాలు వేసింది. తీరా రాసే వేళకి ఓపిక చాలక ఎక్కువ స్పీడు పెట్టేసింది. సగంలో డిస్క్ పాడైంది.

"ఏమైందే?" అంది తల్లి వంటింట్లోంచి.

"బర్న్ చేస్తుంటే పోయిందమ్మా."

"బర్న్ అంటే మాడ్చడమేగా? మంట తగ్గించి పెట్టుకోవాల్సింది."

కూతురికి నవ్వాగలేదు. కానీ మంట తగ్గించే పెట్టింది. ముచ్చటగా మూడోసారి పెట్టిన డిస్క్ నిదానంగా తిరిగి తిరిగి, బయటికొచ్చేసరికి గోరువెచ్చగా ఉంది.

మర్నాడు జెండా బాబాయి కూడా వచ్చాడు. క్రేన్ కింద నిలబడి, ఒకప్పుడు జెండాలతోనూ, తర్వాత వాకీటాకీతోనూ పైనున్న డేగకి సైగలు చేసింది ఈయనే. ఒకరి మాట మీద ఒకరు ఇన్నేళ్లు ఇనుము మోశారు. కర్టెన్లు వేశారు. తల్లి బఠాణీల పళ్లెం ఒళ్లో పెట్టుకుని, టీవీకి ఏటవాలుగా కుర్చీ వేసుకుంది. "మీరు చూడండి. నేను వింటాను" అంది.

ప్లేయర్ డిస్క్‌ని మింగింది. తెర నల్లగా ఉండిపోయింది. కూతురు రిమోట్ అందుకోబోయింది. అంతలో బొమ్మ పడింది.

మొదట కేబిన్ అద్దం, దాని మీద నీటి బొట్లు. అద్దం అవతల ఊరు లేదు. ఉన్నది తెల్లటి పొగమంచు. ఏకిన దూదిలా కంటిచూపు ఆనినంత మేరా పరుచుకుని, మెల్లగా కదులుతోంది. అందులోంచి ఎత్తు మేడల కొసలు అక్కడక్కడా రాళ్లలా తేలుతున్నాయి. వెనకనుంచి పొద్దు పొడిచింది కాబోలు, పొగమంచు అంతా లేత నారింజ రంగుకి తిరిగింది. దాని మీద క్రేన్ నీడ పడింది. పొడుగాటి చెయ్యి, తాళ్లు, చివరికి కేబిన్ కూడా.

ఆ కేబిన్ నీడ చుట్టూ రంగుల వలయం వెలిగింది.

సగం హరివిల్లు కాదు, నిండు గుండ్రం. లోపల నీలం, అంచున ఎరుపు. దాని చుట్టూ ఇంకో వలయం, ఉందా లేదా అన్నట్టు పలచగా. తెరలో డేగ ఊపిరి వినపడింది. తర్వాత, "ఓరి నాయనో..." అన్న మాట. ఆయన క్రేన్ చేతిని మెల్లగా తిప్పాడు. నీడ కదిలింది. నీడతో పాటే వలయమూ మంచు మీద జారుతూ వెళ్లింది.

"పడింది" అన్నాడు డేగ. "పడిందే అమ్మా!"

జెండా బాబాయి తెరకి దగ్గరగా వెళ్లి నిలబడ్డాడు. "ఈ పొద్దు నాకు గుర్తుంది. కింద నా చెయ్యి నాకే కనపళ్లేదు. పని ఆపమని నిన్ను తిట్టాను కూడా. నేను ఆ బురదలో తిడుతుంటే, నా నెత్తి మీద ఇది జరుగుతోందా?"

"నువ్వు తిడుతున్నావనే చెప్పలేదు. చెబితే నవ్వేవాడివి."

"నవ్వేవాణ్ణే" అన్నాడు బాబాయి. ఆ మాటంటున్నప్పుడు ఆయన ముఖంలో నవ్వు లేదు. వెనక్కొచ్చి కూర్చోవడం మరిచిపోయి అలాగే నిలబడ్డాడు.

పొద్దు వెనకుండి ఎదుట మంచుంటే, ఎవరి నీడ చుట్టూ వాళ్లకి అలాంటి వలయం కనపడుతుందని కూతురు తర్వాత చదివి తెలుసుకుంది. కారణం తెలిశాక కూడా ఆమెకు ఆశ్చర్యం ఇసుమంతైనా తగ్గలేదు.

మంచు విడిపోతుంటే వలయం చెదిరింది. కింద ఊరు తేలింది. వీధులు, చుక్కల్లా మనుషులు. అంత ఎత్తు. కూతురు కంగారుగా తల్లి వైపు తిరిగింది. ఆవిడ ఎప్పుడో కుర్చీ తిప్పేసుకుంది. ఒలిచిన గింజలు పళ్లెంలోంచి నేల మీదికి దొర్లుతున్నా చూసుకోవడం లేదు. కుర్చీ చేతిని గట్టిగా పట్టుకుని, రెప్ప వేయకుండా ఆ లోతులోకి చూస్తోంది.

"కళ్లు తిరుగుతున్నాయా అమ్మా? ఆపనా?"

"తిరిగితే తిరగనీ. ఆపకు."

డిస్క్ అయిపోయింది. ఆవిడ మొగుడి వైపు చూసింది, కొత్తగా పరిచయమైన మనిషిని చూసినట్టు.

"ఏమండీ, అక్కడ చలేసేదా?"

ఆ ప్రశ్న ఆయన్ని ఇంతవరకు ఎవరూ అడగలేదు.

"వేసేది" అన్నాడు. "అద్దం సందుల్లోంచి గాలి కొట్టేది. గాలెక్కువైతే కేబిన్ మొత్తం ఊగేది, ఉయ్యాల్లా. మొదట్లో భయమేసేది. ఒకసారి ఏమైందంటే..."

ఆవిడ పళ్లెం పక్కన పెట్టి, కుర్చీ ఆయన దగ్గరికి జరుపుకుంది.