గూడు కట్టని పంట

నేను ఒక చంద్రికను. పేరు విని ఎవరో ఆడపిల్ల అనుకోకండి. వెదురు చాప మీద వెదురు బద్దను చుట్టలు చుట్టలుగా నిలబెట్టి కుట్టిన తడికను. పట్టుపురుగు తిండి మానేసి గూడు కట్టుకునే వేళకు తెచ్చి నా సందుల్లో వదులుతారు. నాకు చెయ్యి లేదు గనుక ఈ మాటలు రాసిపెడుతున్నది నా యజమానురాలు. ఆమెకు అక్షరాలు అబ్బింది తల నెరిశాక. ఎక్కడైనా ఒత్తు జారిపోతే సర్దుకుని చదవండి. ఒక్కో పేజీకి ఒక పూట పడుతోంది. నడక మెల్లగా ఉంటే మన్నించండి.

నన్ను కట్టింది మేదరి గురవయ్య. కొండ వెదురును నానబెట్టి, చీల్చి, గోరంత మందాన బద్దలు తీసి కుట్టాడు. కుడుతున్నంతసేపూ వచ్చేపోయేవాళ్లతో కబుర్లాడేవాడే గాని చేతి వంక చూసేవాడు కాదు. "దీంట్లో ఎన్ని కాపురాలు పడ్తాయో తెలుసునా? మనిషికైతే ఒక్కడికే సాలదు" అని తనే నవ్వుకునేవాడు. మొదట ఒక పెద్ద రైతు కొన్నాడు. పంట అయిన ప్రతిసారీ మా ఒంటికి అంటిన పట్టు నూగు పోవడానికి మంట చూపించేవారు. ఆ పైన బ్లీచింగు నీళ్లు, ఆ పైన ఎండ. మా వల్లే రోగం వస్తుందని మనుషుల నమ్మకం. వాళ్ల చేతులు మాత్రం ఎవరూ కాల్చుకోరు. ఆ రైతు కొడుకులు కోళ్ల ఫారం పెట్టుకున్నాక నేను మల్లప్ప అనే చిన్న రైతు నెత్తి మీద ఎక్కి ఈ ఊరు వచ్చాను.

మల్లప్ప నిదానస్తుడు. ఆయనా భార్య చౌడమ్మా కలిసి ఎన్నో పంటలు తీశారు. ఆ పంటలన్నిటిలోనూ నేను చూసింది ఒకటే కథ. ఆవగింజ కన్నా చిన్న గుడ్డులోంచి వెంట్రుకంత పురుగు వస్తుంది. తింటుంది, తల ఎత్తి కదలకుండా పడుకుంటుంది, పాత తోలు విడిచి మళ్లీ తింటుంది. ఆ పడకను మా వైపు జ్వరం అంటారు. నాలుగు జ్వరాలు దాటాక ఆకలి పిచ్చెక్కినట్టు తిని, ఒకనాడు ఒళ్లు తేనె రంగుకు తిరిగి, ఆకు వంక చూడటం మానేస్తుంది. అప్పుడు దాన్ని పండు పురుగు అంటారు. అప్పుడే నాకు పని.

మల్లప్ప చనిపోయిన ఏడాదే ఆయన తమ్ముడు రెడ్డెప్ప వచ్చి పురుగుల ఇంటి గుమ్మంలో నిలబడ్డాడు. పొలం అన్నదమ్ములిద్దరికీ కలిపే ఉంది, బావీ ఒక్కటే.

"వదినా, అన్న ఉన్నన్నాళ్లూ నేనేం అన్లేదు. ఆ మల్బరీ ఊరికే నీళ్లు తాగతా ఉండాది. పీకేసి దాంట్లో గూడా టమాటా పెడ్తా. నువ్వూ రా, కాయలు కోద్దువు."

"నీ తోటలో కూలికా?"

"ఇంట్లోదానివి, నీకు కూలేంది."

"కూలి గూడా ఇయ్యనని సెప్పు మల్ల."

రెడ్డెప్పకు నవ్వొచ్చింది, ఆపుకున్నాడు. "సరే, ఈ ఒక్క పంట సూస్తాం. గూడు కడితే తోట నీది. కట్టకపోతే పీకేస్తా. అప్పుడు నన్ను అనగూడదు."

"అననులే."

ఆ మాట ఆమె ఊరికే అనలేదు. పురుగుల ఇంట్లో ఏ తట్ట ఎక్కడుండాలో, ఎప్పుడు ఆకు పడాలో చెప్పేది ఆమే. తోట పోతే, బతికినన్నాళ్లూ ఇంకొకరు చెప్పిన సాలులో నడవాలి.

ఆ పంటకు చౌడమ్మ ఒళ్లు దాచుకోలేదు. వెనకబడిన బక్క పురుగుల్ని వేరే తట్టల్లోకి తీసి, బావి వైపు సాళ్లలోని పలచటి ఆకు వేసింది. దిట్టంగా ఎదిగినవాటికి మంచి ఆకు వేసింది. మంచి ఆకంటే, రెడ్డెప్ప టమాటా తోటను ఆనుకుని ఏపుగా ఉన్న సాళ్లది. ఎవరైనా అలాగే చేస్తారు, బాగా తినే బిడ్డ ముందే గిన్నె నింపుతారు.

పురుగులు పండే రోజు లెక్కేసి, పురుగులు ఏరడానికి ఇరుగుపొరుగు ఆడవాళ్లను పిలిచింది. పిలిస్తే అన్నం పెట్టడం మర్యాద. వాళ్లు వచ్చారు, తట్టల చుట్టూ కూర్చున్నారు. మా చంద్రికలందరినీ గోడకు చేరేసి ఉంచారు. ఒక్క పురుగూ రంగు తిరగలేదు. తల వంచుకుని ఆకు కొరుకుతూనే ఉన్నాయి.

పక్కింటి సాకమ్మ ఒక పురుగును అరచేతిలో పెట్టుకుని చూసింది. "సౌడక్కా, నీ పురుగులు అత్తగారింటికి పోనని మొండికేసిన పెండ్లికూతుర్ల మాదిరి ఉండాయి. పుట్టింట్లో తిండి బాగుండాదేమో."

"నువ్వూ అంతే గదా, మూడు మాట్లు తిరిగొచ్చినావు" అంది ఇంకొకామె.

అందరూ నవ్వారు, అన్నం తిన్నారు, వెళ్లిపోయారు. మర్నాడు మళ్లీ వచ్చారు. ఆ మర్నాడు ఎవరూ రాలేదు.

పురుగులు తింటూనే ఉన్నాయి. తోటలో ఆకు అయిపోయింది. చౌడమ్మ పక్క ఊరికి పోయి అడుక్కుని మోపులు మోసుకొచ్చింది. ఒళ్లు ఉబ్బి, నిగనిగలాడి, పురుగులు వేలంత లావయ్యాయి. కొన్ని నల్లబడి వేలాడాయి. ఆమె ఒకదాని వీపు నిమిరి "సాలమ్మా, ఇంగ సాలు" అంది. గోడకు ఆని నిలబడ్డ నాకు ఒళ్లు నొప్పి పుట్టింది. పని చేసి అలిసిపోవడం నాకు తెలుసు. పని కోసం చూసి అలిసిపోవడం అప్పుడే తెలిసింది.

చివరికి పట్టు శాఖ నుంచి షమీమ్ మేడం వచ్చింది. చిన్న మనిషి, పెద్ద సంచి. ఒక పురుగును కోసి, లోపలి పట్టు గ్రంథిని తీసి వెలుతురుకు పట్టి చూసింది. రెడ్డెప్ప కూడా వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"రోగం కాదు చౌడమ్మా" అంది మేడం. "పురుగు తలలో, మెదడు వెనకాల చిన్న గ్రంథి ఉంటాది. అది రక్తంలోకి ఒక రసం వదలతా ఉంటాది. ఆ రసం ఉన్నంతకాలం ఒళ్లంతా ఒకే కబురు: నువ్వింకా చిన్నపిల్లవి, తిను. ఆ రసం ఆగిపోయినాక ఇంకో రసం వస్తాది. అది మారమని చెప్తాది. అదే కబురు పట్టు గ్రంథికి పోతే దారం తీస్తాది. రెక్కలు కావలసిన కణాలు చర్మం కింద మడత పెట్టుకుని కూసోనుంటాయి, వాటికి పోతే రెక్కలు అవుతాయి. కబురు ఒకటే, ఎవరి పని వాళ్లు చేసుకుంటారు."

"మల్ల దీనికి ఆ మొదటిది ఆగలేదా?"

"దానిది ఆగింది. బయటి నుంచి ఇంకొకటి వచ్చింది. ఆకు రసం పీల్చే తెల్లదోమకు కొట్టే మందుల్లో ఒకటి అచ్చం ఆ మొదటి రసం లాగే పనిచేస్తాది. దోమ పిల్ల పెద్దది కాకుండా చచ్చిపోవాలని కొడతారు. గాలికి ఆకు మీద పడితే మన పురుక్కీ అదే కబురు." ఆమె తల ఎత్తింది. "పక్కన ఎవరన్నా కొట్టినారా?"

తెల్లదోమ పట్టిన టమాటా తోట ఆ చుట్టుపక్కల ఒక్కటే ఉంది. రెడ్డెప్ప కండువా తీసి మొహం తుడుచుకుని, "నాకేం తెలుసు, మందులంగడి ఆయప్ప ఇచ్చినాడు, కొట్టినా" అన్నాడు. చెప్పులేసుకుని వెళ్లిపోయాడు.

చౌడమ్మ అతన్ని ఏమీ అనలేదు. అననని ముందే మాటిచ్చింది కదా. గుంట తీసి, సున్నం చల్లి, ఆ లావుపాటి పురుగుల్ని తట్టలు తట్టలుగా పూడ్చింది. పూడ్చేటప్పుడు కూడా కొన్నిటి నోళ్లు ఆడుతూనే ఉన్నాయి.

బక్క పురుగులు మిగిలాయి. మందు గాలి తగలని బావి వైపు ఆకు తిన్నవి, ఎవరూ ఆశ పెట్టుకోనివి. ఆలస్యంగానే అయినా అవి రంగు తిరిగాయి. చౌడమ్మ ఒక్కతే ఏరింది. నేనొక్కదాన్నే నిండాను, తక్కిన చంద్రికలు గోడకే ఉండిపోయాయి. తల అటూ ఇటూ ఊపుతూ అవి దారం తీస్తుంటే, ఒంటి నిండా చిన్న గుసగుస.

ఆ కాసిని గూళ్లు సంతకు తీసుకుపోతే బస్సు చార్జీ కూడా రాదు. చౌడమ్మ వాటిని లోపలి పురుగును చంపే ఆవిరికి పంపకుండా నా మీదే వదిలేసింది. మళ్లీ వచ్చిన షమీమ్ మేడంను అడిగింది, "లోపల ఏం జేస్తా ఉంటాది?"

"తనను తానే కరిగించుకుని మళ్లీ కట్టుకుంటాది. కొన్ని కణాలు మాత్రం ఆ పనికి రావు. పురుగు ఇంకా గుడ్డులో ఉన్నప్పుడే వాటిని విత్తనానికని పక్కన పెట్టేసింటాది. ఇన్నాళ్లూ అవి ఏమీ కాకుండా ఉండిపోయినాయి. ఇప్పుడు ఆడదాంట్లో గుడ్లు, మగదాంట్లో బీజాలు అవుతాయి. తల్లిదండ్రుల నుంచి వచ్చిన రెండు వంతుల్లో ఒక వంతు వదిలేసుకుని, సగంగా తయారైతాయి."

"సగమేనా?"

"ఇంకో సగం ఇంకొకరు తెస్తారు."

చౌడమ్మ తల ఊపింది.

రెడ్డెప్ప తోట పీకడానికి ట్రాక్టరును మాట్లాడుకుని వచ్చిన పొద్దున గూళ్లు తెరుచుకున్నాయి. సీతాకోకచిలుకల్లాంటి తెల్లటి పట్టుచిలుకలు తడి రెక్కలతో నా మీద కూర్చున్నాయి. ఆడవి కదలకుండా గాలిలోకి ఏదో వాసన వదిలాయి. మగవి రెక్కలు టపటపలాడిస్తూ వాటి చుట్టూ తిరిగాయి. కొన్ని అప్పటికే జతకట్టాయి. బయట ట్రాక్టరు ఇంజను మోగుతూనే ఉంది. రెడ్డెప్ప లోపలికి వచ్చి నా ముందు గొంతుక్కూర్చున్నాడు.

"ఇవి ఏం తింటాయి?"

"తినేకి నోరే లేదు" అంది చౌడమ్మ. "గుడ్లు పెట్టి పోతాయి."

అతను ఒక ఖాళీ గూటిని వేలితో తట్టాడు. "కట్టినాయి గదా గూళ్లు."

"ఒక్క చంద్రికే."

"ఎన్నని నేను అన్లేదు." లేచి బయటికి పోయి ట్రాక్టరాయనతో ఏదో చెప్పాడు. ఇంజను చప్పుడు దూరమైంది.

తప్పు నాదని అతను ఎన్నడూ అనలేదు. మనుషులకు ఆ మాట గొంతులోనే ఆగిపోతుంది. కానీ తర్వాతి పంటకు ఒకనాడు గట్టు మీద నిలబడి కేకేశాడు, "వదినా, రేపు మందు కొడ్తా. ఈ పక్క ఆకు ఈ పొద్దే కోసుకో. మల్ల పదిహేను దినాలు ముట్టొద్దు." చౌడమ్మ కొడవలి తీసుకుని పోయింది. సగం సాళ్లు అతనే కోసి ఇచ్చాడు.

ఇప్పుడు గూళ్లకు ప్లాస్టిక్ వలలు వచ్చాయి. తేలిక, కాల్చే పని లేదు. నేను వెనక పంచలో, చింతపండు ఆరబెట్టే తడికనయ్యాను. ఒక మూల చెద పట్టింది. వెదురు పొదలో ఉన్నప్పుడు నాకూ కబుర్లు వచ్చే ఉంటాయి, ఇక్కడ కణుపు కట్టు, ఇక్కడ ఆకు తొడుగు అని. కోసిన నాటి నుంచి ఏదీ రాలేదు. రాకపోయినా ఇన్ని కాపురాలు మోశాను. ఇక ఎవరైనా ఈ బరువు దించితే బాగుండును.

రాసింది: యర్రబల్లి చౌడమ్మ, అరవై నాలుగేళ్లు. ఇప్పుడుండేది మదనపల్లె అవతల తుమ్మచేనుపల్లెలో, మల్బరీ తోట పక్క రేకుల ఇంట్లో.