అత్తగారు చూడవచ్చిన వేషం

పెళ్ళయిన అమ్మాయి మా హాస్యనాటక సంఘానికి తిరిగి రాదు. కొండల మధ్య మా నరీన్ ఊళ్ళో విశ్వవిద్యాలయంలో చేరినప్పటి నుంచీ ఈ తంతు చూస్తూనే ఉన్నాను. పెళ్ళిలో మేమే ఆడి పాడి, వాళ్ళు పెట్టింది పీకలదాకా తిని, మా నటిని మా చేతులతోనే అత్తారింటికి అప్పగించి వస్తాం. తర్వాత ఆమె తెల్ల తలగుడ్డ కట్టుకుని బజార్లో ఎదురై, "ఈమధ్య ఏం నవ్వించారే?" అని అడుగుతుంది. ఆ ప్రశ్న వింటే నాకు ఒళ్ళు మండుతుంది. ఆమె మీద కాదు, ఎవరి మీదో తెలియక.

బేర్మెత్ మాత్రం వచ్చింది. ఆకులు రాలే రోజుల్లో పెళ్ళయింది, మంచు గట్టిపడ్డాక ఒకరోజు మూడో అంతస్తులో మా గది తలుపు తోసుకుని లోపలికొచ్చి, కోటు విప్పకుండానే నా ఎదురుగా కూర్చుంది.

"మా ఆపా ఒప్పుకుంది, కుందుజ్ ఎజే," అంది. అత్తగారిని మా వైపు ఆపా అనే పిలుస్తాం, అమ్మని పిలిచినట్టే; ఎజే అంటే అక్క, అది నేను. "కానీ వసంతం పండక్కి మనం వేసే ప్రదర్శన చూడ్డానికి తనే వస్తుందట. చూశాక చెబుతుందట, నేను ఇక్కడ ఉండాలో మానాలో."

"ఏం చూస్తుందట?"

"నన్ను."

బేర్మెత్ గురించి ఒక మాట చెప్పాలి. ఆమె ఎవర్నయినా అచ్చుగుద్దినట్టు దించేస్తుంది. మా డీన్‌గారు కళ్ళజోడు వెతుక్కోవడం ఆమె చేసి చూపిస్తే, ఆ తర్వాత అసలు డీన్‌గారిని చూసి నవ్వు ఆపుకోలేక చచ్చేవాళ్ళం. ఆ రోజు కూడా మాటల్లో మాటగా తలగుడ్డ కాస్త కిందికి లాక్కుని, భుజాలు బరువు చేసుకుని, అత్తగారు టీకి కూర్చోవడం చూపించింది. మెదెర్ నవ్వి నవ్వి కుర్చీలోంచి జారిపోయాడు. మెదెర్ మా సంఘంలో పొడుగ్గా, గట్టి గొంతుతో ఉంటాడు, ఏ వేషమిచ్చినా కాదనడు. నేను ఆ వారంలోనే దాని చుట్టూ నాటిక అల్లేశాను. కొత్త కోడలు మొదటిసారి అందరికీ టీ పోయడం, అంతే కథ. రాసేది నేనే కాబట్టి గొప్పలు చెప్పుకోకూడదు గానీ, బాగా కుదిరింది.

ప్రదర్శన దగ్గరపడుతున్న కొద్దీ బేర్మెత్ మొహంలో నెత్తురు లేకుండా పోయింది.

"ఎజే, నన్ను ఆ వేషం వెయ్యనివ్వకు. ముందు వరసలో ఆవిడే కూర్చుంటుంది. నేను ఆవిడనే ఆవిడకి చూపించాలా? రేపణ్ణుంచి ఏ మొహం పెట్టుకుని పోయను టీ?"

"మరి మానేస్తావా?"

"మానను. చిన్న వేషం ఏదైనా ఇయ్యి. మర్యాదగా ఉండేది."

మర్యాదగా ఉండే వేషంలో నవ్వు ఎక్కడుంటుందని నేను చిందులు తొక్కాను. ఆమె ఏడ్చింది. చివరికి అత్తగారి వేషం మెదెర్‌కి పోయింది. బేర్మెత్‌కి, తలుపులోంచి తొంగి చూసి "మా ఆవు ఇటు వచ్చిందా?" అని అడిగి వెళ్ళిపోయే పొరుగింటి ఆడమనిషి మిగిలింది.

ప్రదర్శన రోజు మధ్యాహ్నం బేర్మెత్ అత్తగారు సల్కిన్ ఆపా అందరికంటే ముందు వచ్చింది. వెడల్పాటి మనిషి, నల్ల కోటు. మా అందరికీ సంచీ నిండా నూనెలో వేయించిన పిండి ముక్కలు, బోర్సోక్‌లు తెచ్చింది, ఇంకా వేడిగా ఉన్నాయి. రెండో వరసలో సరిగ్గా మధ్యలో కూర్చుంది.

మెదెర్ చించేశాడు. ఎదకి దిండ్లు కట్టుకుని, మీసం తీయకుండా, గుడ్డ చుట్టుకుని రంకెలేస్తుంటే హాలు హాలంతా ఘొల్లుమంది. సల్కిన్ ఆపా ఒక్కతే నవ్వలేదు. తెర పక్కనుంచి నేను ఆవిడనే చూస్తున్నాను. ఆవిడ చూపు మెదెర్ మీద లేదు, రంగస్థలం మీద ఉన్న తలుపు మీద ఉంది. బేర్మెత్ వచ్చింది, ఆవు సంగతి అడిగింది, వెళ్ళింది. ఆమె వచ్చినట్టు కూడా ఎవరికీ పట్టలేదు.

జనం వెళ్ళిపోయాక ఆవిడ వేదిక దగ్గరికి వచ్చింది.

"అయిపోయిందా నీ పని?"

"అయిపోయింది, ఆపా," అంది బేర్మెత్ తల దించుకుని.

"ఈ ఒక్క మాట కోసం నెలంతా పొద్దుపోయాక కొంప చేరావా? ఆవుని వెతకడమే అయితే మనింట్లో నిజం ఆవే ఉంది. ఇక మానెయ్."

అక్కడ నాకు ఆగలేదు.

"ఆపా, ఆ అత్తగారి వేషం బేర్మెత్‌దే. ఆమె చేస్తే ఇలా దిండ్లూ మీసాలూ ఉండవు. మీరు నొచ్చుకుంటారని దాచాం."

"తెలుసు," అందావిడ.

బేర్మెత్, మెదెర్, నేను ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం.

"వంటింటి గోడ ఎంత మందమని? మా అమ్మాయి కూతుళ్ళకి నన్ను ఆడి చూపిస్తుంది ఇది. వాళ్ళు కడుపులు పట్టుకుని నవ్వుతారు. నేను లోపలికి వెళితే అందరూ గప్‌చుప్. మా ఇంట్లో నన్ను అందరూ చూశారు, నేను తప్ప. అందుకే గదా ఇంత దూరం వచ్చాను."

ఆవిడ ముందు వరసలో కూర్చుని ఒళ్ళో చేతులు పెట్టుకుంది. "చెయ్యి," అంది.

మెదెర్ దిండ్లు విప్పేసి టీ కూజా దగ్గర కోడలి చోట కూర్చున్నాడు. బేర్మెత్ తలగుడ్డ సర్దుకుంది. ఉస్సురని కూర్చుంది. "నాకేం వద్దు, నాకేం వద్దు" అంటూనే జామ్ గిన్నె దగ్గరికి లాక్కుంది. సల్కిన్ ఆపా పకపకా నవ్వింది. "దొంగముండా," అంది ముద్దుగా.

మెదెర్ పిడిలేని చిన్న గిన్నెలో, పియాలాలో, కొంచెం టీ పోసి రెండు చేతులతో అందించాడు. బేర్మెత్ దాని వంక చూసింది. ముట్టుకోలేదు, మాట్లాడలేదు. రెండు వేళ్ళతో దాన్ని మెల్లగా వెనక్కి తోసింది.

మా గదిలో సాధన చేసినప్పుడు మేం ఇక్కడే ఎక్కువగా నవ్వేవాళ్ళం. సల్కిన్ ఆపా నవ్వు ఆగిపోయింది.

"అలా తోస్తానా నేను?"

"ఏదో నవ్వుకోడానికి, ఆపా..."

"వేషంలో అబద్ధమాడలేదు, ఇప్పుడెందుకు? తోస్తానా?"

"తోస్తారు."

"రోజూనా?"

"రోజూ."

"అది నేను కాదు," అందావిడ. "మా పెద్దావిడ." తన అత్తగారి పేరు ఎత్తలేదు. మట్టిలో కలిసిపోయినా మా కోడళ్ళు ఆ పేరు పలకరు. "తిట్టేది కాదు, కొట్టేది కాదు. ఆ రెండు వేళ్ళే. పల్చనైందా, చల్లారిందా, చెబితేగా. నేను పాకలోకి పోయి ఆవు మెడ పట్టుకుని ఏడ్చేదాన్ని. నాకు కోడలొస్తే ఇది మాత్రం చెయ్యనని అక్కడే ఒట్టు పెట్టుకున్నాను."

లేచి, మోకాలు పట్టుకుని మెట్లెక్కి వేదిక మీదికి వచ్చింది. "లే నాయనా," అని మెదెర్‌ని లేపి, కూజా దగ్గర తను కూర్చుంది.

"నేను పోస్తాను. నువ్వు తోయి."

"నా వల్ల కాదు, ఆపా."

"ఇందాక అంత బాగా చేశావు. చెయ్యి."

ఆవిడ పోసింది. కొత్త కోడలిలా వీపు వంచి, రెండు చేతులా అందించింది. బేర్మెత్ కళ్ళు తుడుచుకుంది. మళ్ళీ ఆ బరువైన భుజాలు వచ్చాయి, ఆ మొహం వచ్చింది. రెండు వేళ్ళతో తోసింది. నవ్వు కోసం నేనే రాసిన ఆ చోట నాకు నవ్వు రాలేదు.

సల్కిన్ ఆపా తన ముందుకి తిరిగొచ్చిన పియాలాని చూస్తూ ఉండిపోయింది.

"తోసేటప్పుడు ఏమీ అనిపించదే," అంది మెల్లగా. "అసలేమీ అనిపించదు."

తర్వాత కోటు బొత్తాలు పెట్టుకుని నా వైపు తిరిగింది.

"ఈ వేషం ఇంకెప్పుడూ మగపిల్లాడికి ఇవ్వకు. మీ సాధన ఎప్పటికి అవుతుంది?"

"ఒక్కోరోజు బాగా పొద్దుపోతుంది, ఆపా."

"పోనీ. ఆ పూట టీ నేనే పోసుకుంటాలే."