ఆరని లప్పం

ముందు చెక్క సంగతి చెప్తాను, తర్వాత నా సంగతి. చెక్కే నయం. దానికి అబద్ధమాడటం రాదు.

గిటారు వెనక వైపుకి వాడే మహాగని చెక్కని దగ్గరగా చూడండి, ఒళ్లంతా సూదితో పొడిచినట్టు సన్న గుంటలు. వాటిని లప్పంతో నింపాలి. ముద్దని చెక్క చారలకి అడ్డంగా రుద్ది, పైన మిగిలింది గోనెగుడ్డతో తుడిచేసి, మూడు రోజులు ఆరనివ్వాలి. ముసురు పడితే ఐదు. ఆ తర్వాత గరుకు కాగితంతో చదును చేసి వార్నిష్ కొట్టాలి. ఆరకముందే కొట్టామనుకోండి, ఆ రోజుకి అద్దంలా మెరుస్తుంది. నెల తిరిగేసరికి లప్పం లోపలికి కుంగి గుంటలన్నీ బయటపడతాయి.

మా గిటార్ల కార్ఖానాలో లప్పం, వార్నిష్ పనులు నావి. మధ్యలో చదును చేసే పని మా వదినది. మా అన్న భార్య. నన్ను ఈ పనిలో పెట్టించింది ఆవిడే. ఇరవై ఏళ్లుగా కిటికీ పక్క బల్ల ఆవిడదే, ఆ వెలుతురు లేకపోతే ఆ పని జరగదు. నా పేరు మైకు. ఎవరు పెట్టారో తెలీదు గానీ, ఎందుకు పెట్టారో అందరికీ తెలుసు. పనిచేసేవాళ్ల మాట యజమాని వినాలని రోజూ భోజనాల గదిలో గొంతు చించుకునేవాణ్ణి.

ఒక రోజు సాయంత్రం మా కార్మికుల సభ. నేను మాట్లాడాలి. బల్ల ఖాళీ చేసి పోదామని, లప్పం పెట్టిన రెండో రోజే గిటారు తెచ్చి వదిన ముందు పెట్టాను. బయట ముసురు.

ఆవిడ రెండుసార్లు రుద్ది, కాగితం తిప్పి చూపించింది. పొడి రాలాల్సింది, గోధుమరంగు ఉండలు అంటుకుని ఉన్నాయి.

"ఏమయ్యా, ఇది ఆరలేదు."

"ఆరింది. నువ్వే గట్టిగా రుద్దుతున్నావు."

"వాన చూడు. ఇంకో మూడు రోజులు ఆగితే కొంపేం మునగదు."

"వదినా, లప్పం నాది. నీ పని నువ్వు చూసుకో."

"సరే మహానుభావా. నీ సభకి వేళవుతోంది, పో."

వెళ్లాను. "చేతికి తెలిసింది కుర్చీకి తెలీదు!" అని అరిచాను. చప్పట్లు మోగిపోయాయి.

వదిన చదును చేసిచ్చింది, మర్నాడు వార్నిష్ కొట్టేశాను. ఐదు వారాలకి కొన్నవాళ్ల దగ్గర్నుంచి గిటారు తిరిగొచ్చింది. యజమాని దాన్ని కిటికీ దగ్గర వాల్చి చూపించాడు. వీపంతా మశూచి మచ్చల్లా గుంటలు.

"ఎక్కువ రుద్ది లప్పం ఊడగొట్టేశారు. ఆవిడకి చూపు మందగించింది" అని, నా వైపు తిరిగాడు. "ఏం మైకూ?"

వదిన నా వైపు చూసింది.

"చూడాలి సార్" అన్నాను. అంతే. అబద్ధం చెప్పే దమ్ము కూడా లేకపోయింది.

వదినని వెనకగదిలో అట్టపెట్టెలు కట్టే పనిలో వేశారు. కిటికీ బల్ల వేరేవాళ్లకి ఇచ్చారు. రేపు చెప్దాం, ఎల్లుండి చెప్దాం అనుకున్నాను. నా మాటకి విలువ పోతే అందరి తరఫునా మాట్లాడేదెవరు అని కూడా అనుకున్నాను. పిరికితనానికి ఎర్ర చొక్కా తొడిగితే ఉద్యమమైపోతుందా?

పదకొండో రోజు పెట్టెలగదికి వెళ్లాను. ట్యూబులైటు కింద వదిన అట్టలు మడుస్తోంది.

"వదినా, ఆ రోజు..."

"ఏ రోజు?" అంటూ అన్నం సంచీలోంచి మడిచిన గరుకు కాగితం తీసింది. గోధుమరంగు ఉండలు ఎండి గట్టిపడి ఉన్నాయి.

"ఇదుండగా ఎందుకు చూపించలేదు?"

"నువ్వే చెప్తావనుకున్నా." అట్ట మడత ఆపలేదు. "మీ అన్న అడిగాడు, వాడక్కడే ఉన్నాడుగా, ఏమన్నాడని. నా కోసం గట్టిగా మాట్లాడావని చెప్పా. తమ్ముడంటే ఆయనకి ప్రాణం. ఏం చెయ్యను?"

అంతకంటే చెంప మీద కొట్టినా బాగుండేది.

ఆ కాగితం పట్టుకుని భోజనాల గదిలో ఎప్పుడూ నిలబడే చోటే నిలబడ్డాను. యజమానిని కూడా పిలిచాను. కాగితం మడత విప్పాను, మళ్లీ మడిచాను.

"మైకుకి కరెంటు పోయిందిరోయ్!" అన్నాడు తీగలు బిగించేవాడు. అందరూ నవ్వారు.

"ఆరలేదని ఆవిడ చెప్పింది. నేను వినలేదు. తప్పు నాది" అన్నాను. నా జన్మలో అంత పొట్టి ఉపన్యాసం ఇవ్వలేదు.

యజమాని కాగితాన్ని గోటితో గీకి చూశాడు. నన్ను తిట్టాల్సినవన్నీ తిట్టాడు. వదిన దగ్గర మాత్రం "రేపట్నుంచి మీ బల్ల మీకే" అని గొణిగి ఊరుకున్నాడు. క్షమాపణ యజమానికీ నాకూ ఇద్దరికీ చేతకాని పనే.

గిటారు వీపు చెక్క దాకా గీకేసి మళ్లీ లప్పం పెట్టాను. మళ్లీ ముసురు పట్టింది. మూడో రోజు తీసుకెళ్తే వదిన ఒక్కసారి రుద్ది, కాగితం చూసి, గిటారు నా వైపు జరిపింది. నాలుగో రోజూ అంతే. ఐదో రోజు పొడి రాలింది. ఉఫ్ మని ఊదేసింది.

"ఇది ఆరింది. సాయంత్రం ఇంటికొచ్చి ఆయనకి కూడా నువ్వే చెప్పు" అంది.

చేతులు రెండుసార్లు కడుక్కుని వెళ్లాను. తలుపు తీసింది అన్నయ్యే. మొహమంతా నవ్వు.

"రారా, రా! మీ వదిన తరఫున యజమాని మీదకే వెళ్లావటగా!" అంటూ నా భుజం మీద చెయ్యేశాడు.