తలుపు వేస్తే లైటు ఆరుతుందా

టార్చిలైటు పళ్ళతో కరిచిపట్టుకుని, మోకాళ్ళ మీద కూర్చుని ఫ్రిజ్‌లో తల దూర్చడం నాకు రోజూ ఉండే పని. మా ఫ్రిజ్ చాలా చిన్నది, వంటగట్టు కింద పట్టేంత. ఎవరో వాడి వదిలేసింది మా ఆయన తెచ్చారు. లోపల లైటు లేదు. అది ఉన్న మూలకి మిట్టమధ్యాహ్నం కూడా వెలుతురు రాదు. పాలో, టమాటాలో అయితే చేత్తో తడిమి తీసేదాన్నే. కానీ మా పిచ్చుక ప్రాణం అందులో ఉంది. పిచ్చుక అంటే మా అమ్మాయి, పదేళ్ళు. ముద్ద ముద్దకీ బతిమాలించుకుంటుందని ఆ పేరు. రెండేళ్ళ కిందట దానికి షుగర్ బయటపడింది. ఇన్సులిన్ సీసాలు రెండు రకాలు, తిండికి ముందు వేసేది ఒకటి, పడుకునే ముందు వేసేది ఒకటి. బొటనవేలంత సీసాలు, ఆ చీకట్లో రెంటి మూతలూ ఒకే రంగు. ఒకటి వేయబోయి ఇంకొకటి వేస్తే ఏమవుతుందో డాక్టరమ్మ మొదటి రోజే చెప్పింది. అప్పట్నుంచీ నేను నిద్రలో కూడా లేబుళ్ళు చదువుతూనే ఉన్నాను.

నాలుగు నెలలుగా పిల్ల షుగర్ దిగడం లేదు. వేలు గుచ్చి చూసిన ప్రతిసారీ మూడు వందలకు పైనే. డాక్టరమ్మ నన్ను బయట కూర్చోమని, పిల్లను ఒక్కదాన్నే లోపల ఉంచుకుని, "అమ్మ సూది వేయడం మర్చిపోతుందా తల్లీ?" అని అడిగింది. తలుపు సందులోంచి నాకు వినబడుతూనే ఉంది. పిచ్చుక లేదని చెప్పింది, కానీ కాస్త ఆగి చెప్పింది. ఆ ఆగడం నన్ను వారం రోజులు తినేసింది. తరువాత నేను అందరినీ అనుమానించాను. మందుల షాపు అతను పాత సరుకు అంటగడుతున్నాడేమో. పిల్ల బడిలో చాక్లెట్లు తింటోందేమో. దాని సంచీ వెతికాను, అది నిద్రపోతుంటే నోరు వాసన చూశాను. చూసి, సిగ్గుపడి, మళ్ళీ మర్నాడు చూశాను. చివరికి అనుమానం నా మీదికే వచ్చింది. నేనే సీసాలు తారుమారు చేస్తున్నానేమో. నేను చదివింది తొమ్మిదో తరగతి. ఆ సూది మీద గీతలు నాకు సరిగా లెక్కపెట్టడం రావడం లేదేమో.

"ఫ్రిజ్‌లో చిన్న లైటు పెట్టండీ" అని మా ఆయన్ని ఏడాదిగా అడుగుతున్నాను. ఆయన వైర్‌మన్. ఊళ్ళో వాళ్ళ మెట్ల కిందా, అద్దాల వెనకా, చేపల తొట్టెల్లోనూ లైట్లు పెట్టొస్తారు. నాకు మాత్రం, "చూద్దాంలే" అంటారు. ఇంకోసారి అడిగితే, "ఆ మూల నీ రాజ్యం. నేనెప్పుడైనా ఫ్రిజ్ ముట్టుకున్నానా? నీ చూపు సరిగా లేకపోతే కళ్ళ డాక్టరుకి చూపించుకో" అంటారు. మా ఆడపడుచు, ఆయన అక్కగారు, ముప్పయ్యేళ్ళు ఆసుపత్రిలో నర్సుగా చేసి రిటైరైన మనిషి. ఆవిడైతే ఫోన్లోనే నవ్వింది. "ఫ్రిజ్‌లో లైటు లేక మందు ఇవ్వలేకపోయానన్న తల్లిని నిన్నే చూశానమ్మా. ఇది మరీ వింత సాకు."

ఆ తరువాతే ఇద్దరూ ఒక మాట అనుకున్నారు. ఈ నెల కూడా షుగర్ దిగకపోతే పిల్లను ఆవిడ తీసుకెళ్ళిపోతుంది. బడి అక్కడే, సూదులూ అక్కడే. నాతో ఎవరూ అనలేదు. నేను బట్టలు ఆరేస్తుంటే కిటికీ అవతల ఆయన ఫోన్లో, "దీనివల్ల కాదక్కా, నీ దగ్గరైతే పిల్ల బతుకుతుంది" అనడం విన్నాను. చేతిలో తడి చొక్కా అలాగే ఉంది. నా దగ్గరుంటే పిల్ల చస్తుందనేగా ఆ మాటకి అర్థం.

నేను పనిచేసేది ఎమర్జెన్సీ లైట్లు బిగించే చోట. వరసగా పదహారు మంది ఆడవాళ్ళం బల్లల ముందు కూర్చుని ఎల్‌ఈడీ పట్టీలు అతికిస్తాం. వైర్లకు టంకం పెట్టే పని మాత్రం ఒక్కావిడదే, అందుకే ఆవిణ్ణి అందరం టంకం అక్క అంటాం. ఒకవైపు వెలగని పట్టీలు పనికిరావని మూల బుట్టలో పడేస్తారు. అందులోంచి ఒకటి ఏరి, వెలిగే సగం కత్తిరించి ఆవిడకు చూపించాను.

"ఫ్రిజ్‌లోకా? మీ ఆయన వైర్‌మన్ కదే" అంది.

"అందుకే నీ దగ్గరికొచ్చాను."

ఆవిడ పడీపడీ నవ్వింది. కానీ నేర్పింది. మూడు రోజులు పని అయ్యాక అరగంట చొప్పున ఉండిపోయాను. ఎర్ర వైరు ఎక్కడ, నల్ల వైరు ఎక్కడ, టంకం ఎంత పెట్టాలి, చెమ్మ తగలకుండా పైన జిగురు ఎలా పూయాలి, అన్నీ. మూడు పెన్సిల్ బ్యాటరీల డబ్బా, ఒక నొక్కుడు స్విచ్చి. తలుపు మూసుకుని స్విచ్చిని నొక్కితే లైటు ఆరాలి, తెరిస్తే వెలగాలి. వేళ్ళు రెండుచోట్ల కాల్చుకున్నాను. ఇంటికి వచ్చిన ప్రతిసారీ మా ఆయన గోడగడియారం వంక చూశారు. "ఈ అరగంట ఎవరితోనే?" అని ఒక రోజు నవ్వుతున్నట్టే అడిగారు. నేను చెప్పలేదు. చెబితే ఆ స్విచ్చి లాక్కుని, "ఇదా నువ్వు చేసేది" అంటారని భయం.

శనివారం పన్నెండున్నరకి పెట్టాను. ఆ వారం నాది మధ్యాహ్నం షిఫ్టు, ఒంటిగంటకి వ్యాన్ వస్తుంది. పట్టీని లోపలి పైకప్పుకి అంటించి, స్విచ్చిని తలుపు తగిలేచోట బిగించాను. తలుపు తీయగానే తెల్లటి వెలుగు. గుడ్ల మీద మచ్చలు కూడా కనబడుతున్నాయి. సీసాల మూతలు వేరువేరు రంగులవని అప్పుడు మొదటిసారి మోకాళ్ళ మీద కూర్చోకుండా చూశాను. ఇంతలోనే గుబులు పట్టుకుంది. తలుపు వేస్తే ఇది నిజంగా ఆరుతోందా? ఆరకపోతే లోపల వేడి పుడుతుందేమో, మందు పాడవుతుందేమో. తలుపు వేశాక చూడలేను, చూడాలంటే తలుపు తీయాలి. అందుకని ఫోన్లో వీడియో ఆన్ చేసి, కింద కూరల ట్రేలో టమాటాల మధ్య నిలబెట్టి, పైనున్న గాజుపలకలోంచి అంతా కనబడేలా పెట్టి తలుపు వేశాను. పది అంకెలు లెక్కపెడదామనుకున్నాను. నాలుగు దగ్గర వ్యాన్ హారన్ మోగింది. చెప్పులు వేసుకుని పరుగెత్తాను. సందు మలుపులో మా ఆయన భోజనానికి ఇంటికి వెళుతూ ఎదురయ్యారు. ఫోన్ ఫ్రిజ్‌లోనే ఉండిపోయిందని పనిలో కూర్చున్నాక గుర్తొచ్చింది.

సాయంత్రం ఏడింటికి ఇల్లు చేరేసరికి గుమ్మంలోనే ఉన్నారు. "నాలుగింటి నుంచీ ఫోన్ ఆఫ్. ఎక్కడ తిరుగుతున్నావ్?"

"పన్లోనే ఉన్నానండీ. చార్జింగ్ అయిపోయింది."

"ఆ ఫ్రిజ్‌లో లైటు ఎవడొచ్చి పెట్టాడు?"

నా కాళ్ళు ఆగిపోయాయి, ఆయన ఎవడు అన్నందుకు కాదు. ఫ్రిజ్ ముట్టుకోని మనిషికి తలుపు తీస్తేనే వెలిగే లైటు ఎలా కనబడింది?

"నేనే పెట్టాను" అన్నాను. ఆయన నమ్మలేదు. ఆయన నమ్మకపోవడం గురించి ఆలోచించే తీరిక నాకు లేదు. ఫోన్ ఐసుముక్కలా ఉంది. దాన్ని ఆరబెట్టి, చార్జింగ్ పెట్టి, స్నానాల గదిలో గడియ వేసుకుని చూశాను.

మొదట నా చెయ్యి, తరువాత చీకటి. లైటు ఆరుతోంది. ఆ ఒక్కటీ తెలిస్తే చాలనుకుని ఆపబోయాను. అసలు ఎప్పుడు తెరిచారో చూద్దామని వేలితో ముందుకి జరిపాను. ఇరవై నిమిషాలు గుయ్యిమనే చప్పుడే. తరువాత భళ్ళున వెలుగు, పైన మా ఆయన గడ్డం. "ఎవడు పెట్టాడు ఇది" అని గొణుక్కోవడం. అలవాటైన చేతిలా ఒక చెయ్యి వచ్చి ఇన్సులిన్ సీసాలున్న డబ్బాను వెనక్కి, లోపలి గోడకున్న ఐసు పలకకి తగిలేదాకా నెట్టింది. దాని చోటులో మూడు నీళ్ళ సీసాలు నిలబెట్టింది. చల్లదనం తిప్పే గుండీని చివరిదాకా తిప్పింది. మళ్ళీ చీకటి. ఫోన్లో చోటు నిండిపోయి వీడియో అక్కడితో ఆగిపోయింది. ఆ తరువాతది నాకు వీడియో లేకుండానే కనబడింది. కునుకు తీసి, నాలుగింటికి పనికి వెళ్ళేప్పుడు చల్లటి సీసాలు తీసుకుని, డబ్బా ముందుకి లాగి, గుండీ వెనక్కి తిప్పి వెళ్ళడం. ఎండలు మొదలైనప్పట్నుంచీ రోజూ ఇదే, నేను వచ్చేసరికి అంతా ఎక్కడిదక్కడ ఉండేది. గడ్డకట్టిన ఇన్సులిన్ మళ్ళీ కరిగినా పనికిరాదని డాక్టరమ్మ చెప్పినప్పుడు ఆయనా పక్కనే ఉన్నారు. విన్నారో, ఫోన్ చూసుకుంటున్నారో.

వెంటనే మందుల షాపుకి వెళ్ళి రెండు రకాలూ కొత్తవి తెచ్చాను. ఇంటికి తీసుకురావడానికి కూడా భయమేసింది, రవికెలో దాచుకున్నాను. రెండు సూదులూ వాటితోనే వేశాను. ఆదివారం పొద్దున్న పిచ్చుక వేలు గుచ్చితే నూట ముప్పై. నేను నమ్మలేక ఇంకో వేలు గుచ్చాను. "అమ్మా, రెండోది ఎందుకు?" అని అది ఏడ్చింది. నూట ఇరవై ఎనిమిది.

తొమ్మిదింటికి మా ఆడపడుచు దిగింది, చేతిలో ఖాళీ సంచీతో. నెల అయ్యేదాకా కూడా ఆగలేదు. "పిల్ల బట్టలు నాలుగు జతలు చాలు, పుస్తకాలు తరువాత పంపించు" అంది కూర్చోకుండానే. నేను కాఫీ ఇచ్చాను. తరువాత ఫోన్ ఇచ్చాను. మా ఆయన వెనక నిలబడి తనూ చూశారు. అంతా అయ్యాక ఆయన అడిగింది ఒక్కటే, "అంటే ఇంట్లో నా మీద నిఘా పెట్టావా?"

ఆవిడ నర్సు. ఆవిడకు అర్థమవుతుందని నేను ఎదురుచూశాను. అర్థమైంది కూడా, కప్పు పక్కన పెట్టి, డబ్బా ఐసు పలకకి తగిలేచోటు మళ్ళీ వేసుకుని చూసింది. ఫోన్ నాకు తిరిగిచ్చి, నెమ్మదిగా అంది. "వాడికి చిన్నప్పట్నుంచీ అంతేనమ్మా. చల్లటి నీళ్ళు లేకపోతే తలనొప్పి."

నాకు కోపం వస్తుందనుకున్నాను, రాలేదు. తలుపు చాటు నుంచి పిచ్చుక నా వంక చూస్తోంది. నేను లేచి ఆవిడ పక్కనున్న ఖాళీ సంచీ తీసుకున్నాను.

"మీ ఇంట్లో పెద్ద ఫ్రిజ్ ఉంది కదా వదినగారూ" అన్నాను. "నీళ్ళకి ఇబ్బంది ఉండదు."

పడగ్గదిలోకి వెళ్ళి, బీరువా తెరిచి, మా ఆయన చొక్కాలు మడతపెట్టి ఆ సంచీలో సర్దడం మొదలుపెట్టాను.